ఒకే అప్లికేషన్‌ను పది లాడ్జీలకు సరిపడేలా మలచడం ఎలా

2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. ఆ సాయంత్రమే రైల్వే స్టేషను దగ్గరి ఒక లాడ్జీ మేనేజరు నాకు ఫోను చేసి, "సార్, బిల్లు మీద ఇంకా చిత్తూరు జిల్లా అనే పడుతోంది, కొంచెం మార్చి ఇస్తారా?" అని అడిగారు. నిజానికి అది నిమిషం పని. కానీ అప్పటికే నేను తొమ్మిది లాడ్జీలకు బిల్లింగ్ ప్రోగ్రాము అమ్మి ఉన్నాను. ఎవరు ఏది కోరితే దాని కోసం సోర్సు కోడును కాపీ చేసుకుని, ఆ కాపీలోనే మార్పులు చేసి ఇస్తూ వచ్చాను. చిరునామా ఒక కాపీలో బిల్లు ఫైలులో ఉంది, మరొక దానిలో అడ్వాన్సు రసీదు ఫైలులో ఉంది, ఇంకొక దానిలో రెండు చోట్లా ఉంది. నిమిషం పనికి వారం పట్టింది. ఆ అలసట తీరకముందే జూలై 18న వెయ్యి రూపాయల లోపు గదులకు కూడా జీఎస్టీ వర్తించడంతో తొమ్మిది కాపీలనూ మళ్ళీ తెరవవలసి వచ్చింది.

మన ప్రాంతంలో లాడ్జీలకో, మామిడి మండీలకో, చిన్న ఫ్యాక్టరీలకో అప్లికేషన్లు రాస్తున్న ఇంజనీర్లు ఆ దారిన పోకుండా ఉండేందుకు, ఏ మార్పుకు ఏ సాంకేతికత సరిపోతుందో, వాటిని ఏ వరుసలో అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను. నేను పాటించే సూత్రం ఒక్కటే: మారే విషయాన్ని దానికి చాలినంత చిన్న సాధనంతోనే మార్చాలి. పట్టికలో ఒక వరుస చేర్చితే తీరే పనికి సెట్టింగు పెట్టకూడదు; సెట్టింగుతో తీరే పనికి స్క్రిప్టు, అంటే విడిగా రాసుకునే చిన్న ప్రోగ్రాము, రాయకూడదు; స్క్రిప్టుతో తీరే పనికి ప్లగిన్, అంటే అప్లికేషన్‌కు తగిలించే అదనపు భాగం, కట్టకూడదు. కింది మెట్టు మీద పని ముగిస్తే పై మెట్టు ఎక్కనక్కరలేదు.

మొదటి మెట్టు: ఏది మారుతుంది, ఎవరు మారుస్తారు

కోడు మొదలుపెట్టే ముందు కనీసం మూడు లాడ్జీల కౌంటరు దగ్గర పూటకొకచోట కూర్చోండి. యజమానిని అడిగితే "అందరిదీ ఒకటే పద్ధతి, సార్" అంటారు. కౌంటరు దగ్గర చూస్తే ఏ ఇద్దరిదీ ఒకటిగా ఉండదు. ఒకచోట గది తీసుకున్న గంట నుంచి 24 గంటల లెక్క, ఇంకొకచోట ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలి. అదనపు పరుపుకు ఒకరు రోజు లెక్కన, మరొకరు మొత్తం బసకు కలిపి తీసుకుంటారు. తమిళుల పురటాసి నెల శనివారాలకు, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి అద్దె ఎవరి లెక్కన వారు పెంచుతారు.

వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ప్రతి దాని పక్కన ఎవరు మారుస్తారు, ఎంత తరచుగా మారుస్తారు అని గుర్తు పెట్టుకోండి. సాంకేతికతను నిర్ణయించేది ఆ రెండు గళ్ళే. మేనేజరు వారానికోసారి మార్చేది తెర మీద ఉండాలి. మీరు ఏడాదికోసారి మార్చేది ఫైలులో ఉంటే చాలు. ప్రభుత్వం మార్చేది తేదీలతో కూడిన పట్టికలో ఉండాలి.

ఈ కాగితం చేతికొచ్చాక, అసలు కొత్తగా రాయవలసిన అవసరం ఉందా అని కూడా నిజాయితీగా చూసుకోండి. సరకు నిల్వ, కొనుగోలు, అమ్మకం, జీతాలు వంటి మామూలు లెక్కలే అయితే, ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్సు వ్యవస్థలో కోడు ముట్టుకోకుండానే కొత్త గళ్ళు చేర్చవచ్చు, ముద్రణ నమూనా మార్చవచ్చు. ఇప్పటికే ట్యాలీ వాడుతున్న వ్యాపారి కోరేది ఒకటి రెండు మార్పులే అయితే, దాని సొంత భాష టీడీఎల్‌లో నాలుగు వరుసలు రాసి ఇవ్వడమే ఇద్దరికీ మేలు.

రెండవ మెట్టు: పన్నులను తేదీల పట్టికలో పెట్టండి

ఈ ఒక్క మెట్టు సరిగా కట్టి ఉంటే నా 2022 జూలై హాయిగా గడిచిపోయేది. కోడులో అద్దె వెయ్యి దాటితే 12 శాతం అని షరతు రాయకండి. గది అద్దె మీద జీఎస్టీ ఎలా మారుతూ వచ్చిందో గమనించండి:

2019 అక్టోబరు 1 నుంచి: రోజు అద్దె 1,000 వరకు పన్ను లేదు, ఆపైన 7,500 వరకు 12 శాతం, 7,500 దాటితే 18 శాతం.
2022 జూలై 18 నుంచి: 7,500 వరకు 12 శాతం, దాటితే 18 శాతం.
2025 సెప్టెంబరు 22 నుంచి: 7,500 వరకు 5 శాతం, దాటితే 18 శాతం.

ఇక్కడ రేట్లతో పాటు శ్లాబుల సంఖ్య కూడా మారింది: మూడు ఉన్నవి రెండయ్యాయి. మూడో మార్పులో 5 శాతం కట్టే లాడ్జీకి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (తాను కొన్న వాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే సదుపాయం) దొరకదు. అంటే రేటు ఒక్కటే దాచుకున్న పట్టిక చాలదు, క్రెడిట్ ఉందా లేదా అనే గడి కూడా కావాలి. అందువల్ల ప్రతి వరుసలో అమలు తేదీ, అద్దె కింది హద్దు, పై హద్దు, రేటు, క్రెడిట్ అనే అయిదు గళ్ళు పెట్టండి. హద్దులను 1,001 అని రాసే అలవాటు వద్దు. 1,000 రూపాయల 50 పైసల అద్దె ఏ వరుసలోకీ రాక ప్రోగ్రాము ఆగిపోతుంది. వెయ్యి కంటే ఎక్కువ అని రాయండి.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసు వాడేవారికి ఇక్కడ మంచి సదుపాయం ఉంది. 2012లో వచ్చిన 9.2 వెర్షన్ నుంచి తేదీల వ్యవధిని ఒకే గడిలో దాచే రేంజ్ టైపులు ఉన్నాయి. వాటి మీద ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నిబంధన పెడితే, ఒకే శ్లాబుకు ఒకే రోజున రెండు రేట్లు పడే వరుసను డేటాబేసే తిరస్కరిస్తుంది. మన జాగ్రత్త మీద ఆధారపడటం కంటే ఇది నయం.

బిల్లు వేసిన రోజున వర్తించిన రేటును బిల్లులో కూడా నకలు చేసి దాచండి. ఏడాది తరువాత ఆడిటరు పాత బిల్లు మళ్ళీ ముద్రించమని అడిగినప్పుడు, అది ఆనాటి అంకెలతోనే రావాలి. సెప్టెంబరు 21 రాత్రి దిగి 22న ఖాళీ చేసిన యాత్రికునికి ఏ రేటు వేయాలన్నది ఆడిటరు తేల్చవలసిన ప్రశ్న. కానీ ఏ తేదీతో పట్టికను వెతకాలి అన్నదాన్ని మీరు ఒకే ఫంక్షనులో పెట్టి ఉంటే, ఆయన ఏది చెప్పినా మార్పు ఒకే వరుసలో ముగుస్తుంది.

జిల్లా పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు కూడా డేటాయే. వాటిని కోడులో రాసి ఏమవుతుందో మొదటే చెప్పాను.

మూడవ మెట్టు: సెట్టింగుల ఫైలు

చెకౌట్ పద్ధతి, ప్రింటరు పేరు, బిల్లు నంబరు ముందు వచ్చే అక్షరాలు వంటివి లాడ్జీకొక ఫైలులో ఉంటాయి. ఈ ఫైలుకు జేసన్, యామల్, టామల్ అనే మూడు రూపాలు వాడుకలో ఉన్నాయి. జేసన్‌లో వ్యాఖ్యలు రాయడానికి వీలు లేదు. ఈ సెట్టింగు ఎందుకు పెట్టామో పక్కన రాసుకోలేని ఫైలు ఆరు నెలల తరువాత మనకే అర్థం కాదు. యామల్ చూడటానికి అందంగా ఉంటుంది, కానీ దానితో నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

గోవిందరాజస్వామి గుడి దగ్గరి లాడ్జీ ఒకటి చెకౌట్ సమయాన్ని 12:30 చేయమంది. ఫైలులో చెకౌట్ అని రాసి, పక్కన 12:30 అని పెట్టి పంపాను. మరునాడు తెర మీద చెకౌట్ సమయం 750 అని కనిపించింది. అంతకుముందు 08:30 పెట్టుకున్న ఇంకొక లాడ్జీలో ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి, తప్పు నా కోడులో ఉందనుకుని తెల్లవారేదాకా వెతికాను. అసలు సంగతి ఏమిటంటే, యామల్ 1.1 నిబంధనల ప్రకారం 12:30 వంటి రూపం అరవై ఆధారంగా రాసిన పూర్ణాంకం: 12ను 60తో గుణించి 30 కలిపితే 750. సున్నాతో మొదలైన 08:30 ఆ నమూనాకు సరిపోదు కనుక అక్షరాలుగానే మిగిలింది. పైథాన్‌లో ఎక్కువ మంది వాడే పైయామల్ లైబ్రరీ ఇప్పటికీ ఈ 1.1 నిబంధనలనే పాటిస్తుంది. అదే లెక్కన గది నంబరు 010 అని రాస్తే ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్యగా చదివి 8 చేస్తుంది. కొటేషన్ గుర్తులు లేకుండా నో అనే ఇంగ్లిషు పదం రాస్తే అది అసత్యం అనే విలువ అవుతుంది.

కాబట్టి యామల్ వాడితే సమయాలను, గది నంబర్లను, ఫోను నంబర్లను తప్పక కొటేషన్లలో పెట్టండి. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా టామల్. అందులో సమయానికి, తేదీకి సొంత రూపాలు ఉన్నాయి, వ్యాఖ్యలు రాసుకోవచ్చు, పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే సదుపాయం భాషతో పాటే వస్తుంది. ఏ రూపమైనా సరే, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడే పైడాంటిక్, జేసన్ స్కీమా వంటి తనిఖీ సాధనంతో ప్రతి విలువనూ సరిచూసి, తప్పుంటే ఏ వరుసలో ఏమి తప్పో తెలుగులో చెప్పి ఆగిపోయేలా చేయండి. అర్ధరాత్రి యాత్రికుల బస్సు దిగినప్పుడు తప్పు బయటపడటం కంటే, పొద్దున కంప్యూటరు వేసినప్పుడు బయటపడటం మేలు.

డేటాబేసు పాస్‌వర్డు, చెల్లింపు గేట్‌వే తాళం వంటి రహస్యాలను మాత్రం ఈ ఫైలులో పెట్టకండి. వాటి చోటు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ఫైలులో కాక ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉండే విలువలు. హెరోకు అనే క్లౌడ్ సంస్థ ఇంజనీర్లు రాసిన పన్నెండు సూత్రాల పద్ధతిలో మూడో సూత్రం ఇదే. ఇక సెట్టింగులు అందరికీ వర్తించేవి, లాడ్జీకి వర్తించేవి, ఆ ఒక్క కంప్యూటరుకు వర్తించేవి అని మూడు పొరలుగా ఉంటాయి గనుక, చివరికి ఏ విలువ ఏ పొర నుంచి వచ్చిందో చూపే ఒక చిన్న ఆదేశాన్ని కూడా రాసుకోండి. ఫోనులో సమస్య తేల్చడానికి అంతకంటే పనికొచ్చేది లేదు.

ఫీచరు ఫ్లాగులు

కొత్త సదుపాయాన్ని ముందు ఒక లాడ్జీలో తెరిచి చూసి, తరువాత మిగతా వాటికి ఇవ్వడానికి ఫ్లాగు, అంటే ఆ సదుపాయాన్ని తెరిచే మూసే మీట, పెడతాం. దీని గురించి రెండే మాటలు. పని అయిపోయిన ఫ్లాగును కోడు నుంచి తీసేయండి. పాత ఫ్లాగు పేరును కొత్త పనికి ఎన్నడూ వాడకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థ పాత ఫ్లాగును కొత్త పనికి వాడింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడు చేరకపోవడంతో, అక్కడ పాత కోడు మేల్కొని సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

నాలుగవ మెట్టు: వారికి మాత్రమే కావలసిన గళ్ళు

ఒక లాడ్జీకి వాహనం నంబరు కావాలి, మరొకరికి బస్సు తెచ్చిన ఏజెంటు పేరు కావాలి, ఇంకొకరికి ఏ రోజు దర్శనం టికెట్టు ఉందో కావాలి. వీటన్నిటికీ పట్టికలో నిలువు గళ్ళు చేర్చుకుంటూ పోతే, మూడేళ్ళలో సగం ఖాళీగా ఉండే అరవై గళ్ళ పట్టిక మిగులుతుంది. 2014 డిసెంబరులో విడుదలైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.4లో వచ్చిన ఏ పేరుతోనైనా వివరాలు దాచగల జేసన్‌బీ రకం గడి ఒకటి పెట్టి, ఈ అదనపు వివరాలను అందులో దాచండి. దాని మీద జిన్ అనే రకం ఇండెక్సు (వెతుకులాట సూచిక) వేస్తే వెతుకులాట కూడా వేగంగానే సాగుతుంది. ఏ లాడ్జీకి ఏ గళ్ళు, వాటి పేరు, రకం, తప్పనిసరా కాదా అన్నది వేరొక చిన్న పట్టికలో ఉంటుంది. తెరను ఆ పట్టిక చూసి ప్రోగ్రామే గీస్తుంది.

డబ్బును, చట్టం కోరే వివరాలను మాత్రం ఈ సంచిలో వేయకండి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోపు ఆ వివరాలను నిర్ణీత ఫారంలో ప్రభుత్వానికి పంపాలి. దానికి కావలసిన పాస్‌పోర్టు, వీసా వివరాలకు సొంత గళ్ళు, సొంత తనిఖీలు ఉండాలి.

అయిదవ మెట్టు: బిల్లు రూపం, భాష

బిల్లును కోడులో గీయకండి; జింజా వంటి టెంప్లేటు ఇంజనుతో లాడ్జీకొక నమూనా ఫైలు పెట్టండి. నమూనాలో లెక్కలు చేయకూడదన్న నియమం పెట్టుకోండి. మొత్తం, పన్ను, రౌండింగు అన్నీ ప్రోగ్రాము చేసి ఇవ్వాలి, నమూనా వాటిని చూపించాలి. లేకపోతే పది నమూనాల్లో పది రకాల రౌండింగు మొదలవుతుంది.

భాష దగ్గరకు వస్తే, ఇంగ్లిషు కోసం తయారైన సలహాలు మనకు చాలవు. ఖాళీలో పేరు పెట్టి పక్కన ప్రత్యయం అతికించే వాక్యం ఇంగ్లిషులో నడుస్తుంది. తెలుగులో ఊరి పేరు ఖాళీగా వదిలి వెనక "కు" అని రాస్తే చిత్తూరుకు, కడపకు సరిపోతుంది, కానీ మన ఊరే "తిరుపతికు" అవుతుంది. "కి" పెడితే తిరుపతి బాగుపడి, చిత్తూరు, కడప చెడతాయి. ప్రత్యయాలను నిర్ణయించే కోడు రాయడం కంటే, వాక్యాన్నే ప్రత్యయం అక్కరలేని విధంగా తిరగరాయడం సులువు: "వెళ్ళే ఊరు: తిరుపతి". అతిథి పేరు వెనక గారు చేర్చి, క్రియను వచ్చారు, చెల్లించారు అని గౌరవ బహువచనంలో ఉంచితే ఆడా మగా తేడా కూడా అడ్డురాదు. గది, గదులు అనే ఏకవచన బహువచన భేదాన్ని ఐసీయూ మెసేజ్ ఫార్మాట్ లేదా గెట్‌టెక్స్ట్ వంటి అనువాద సాధనం చూసుకుంటుంది. 125000 అనే అంకెను 1,25,000 అని చూపడానికి కామాలు మీరు అతికించకండి. భారతదేశపు లొకేల్ (ప్రాంతపు రాత పద్ధతి) ఎంచుకుంటే బ్రౌజరులోని ఇంటల్ (Intl) లైబ్రరీ లక్షల పద్ధతిలోనే ఇస్తుంది. మనకు వచ్చే యాత్రికుల్లో తమిళులు ఎక్కువ గనుక, అనువాదాల ఫైలును మొదటి రోజు నుంచే తెలుగు, తమిళం, ఇంగ్లిషు అని మూడు వరుసలతో మొదలుపెట్టడం మంచిది.

ఇక ముద్రణ. లాడ్జీ కౌంటరులో ఉండే చిన్న థర్మల్ ప్రింటరుకు తెలుగు అక్షరాలను నేరుగా పంపితే చాలా వరకు ప్రశ్నార్థకాలే వస్తాయి. ఒకవేళ తెలుగు వచ్చినా ఒత్తులు విడివిడిగా పడతాయి. ఒత్తులను, గుణింతాలను సరైన చోట పేర్చే పని హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ ఇంజనుది. ఆ ఇంజను కంప్యూటరులో ఉంటుంది, ప్రింటరులో ఉండదు. అందుకని బిల్లును కంప్యూటరులోనే బొమ్మగా గీసి, ఆ బొమ్మను పంపండి. 80 మిల్లీమీటర్ల కాగితానికి బొమ్మ వెడల్పు సాధారణంగా 576 చుక్కలు, 58 మిల్లీమీటర్ల దానికి 384. ఈ అంకె కూడా సెట్టింగుల ఫైలులో ఉండవలసినదే.

ఆరవ మెట్టు: నియమాలు, స్క్రిప్టులు

లాడ్జీలకు ఇంతవరకు వచ్చినవి చాలు. మండీకి చాలవు. దామలచెరువులో మామిడి కాలంలో ఒక మండీ కౌంటరు చూడండి: లారీ కాటా మీదికి ఎక్కుతుంది, ఖాళీ బరువు తీసివేస్తారు, ఆపైన తరుగు తీస్తారు, దానినే సూటు అంటారు, ఆ తరువాత కమీషను, హమాలీ. తోతాపురికి ఒక లెక్క, బేనీషాకు మరొకటి. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే సరకుకు వేరు, లారీలో దూరప్రాంతాలకు పోయే సరకుకు వేరు. ఈ లెక్క ఇద్దరు యజమానుల దగ్గర ఒకటిగా ఉండదు, ఒకే యజమాని దగ్గర రెండు సీజన్లు ఒకటిగా ఉండదు.

ముందు నిర్ణయ పట్టికతో ప్రయత్నించండి: రకం, కొనుగోలుదారు, బరువు హద్దు, తరుగు, కమీషను అన్నవి నిలువు గళ్ళుగా, పైనుంచి సరిపోయిన మొదటి వరుస వర్తించేలా. దీన్ని యజమాని కూడా చదవగలరు, తప్పు ఉంటే వేలు పెట్టి చూపగలరు. ఏ స్క్రిప్టుకూ లేని గొప్ప గుణం అది. పట్టికకు లొంగని సూత్రం వస్తే సీఈఎల్ వంటి వ్యక్తీకరణ భాషను, అంటే ఒక లెక్కనో షరతునో మాత్రమే రాయగల చిన్న భాషను, వాడండి. గూగుల్ తయారు చేసిన ఈ భాషలో అంతులేని లూపు రాయడానికి అసలు వీలే లేదు. సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్‌లో తనిఖీ నియమాలకు దీనినే వాడుతున్నారు.

అది కూడా చాలకపోతేనే లువా. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ చిన్న భాష అచ్చంగా ఇటువంటి అవసరం నుంచే వచ్చింది. పెట్రోబ్రాస్ అనే చమురు సంస్థ ఇంజనీర్లు తమ ప్రోగ్రాములకు వివరాలు ఇచ్చుకోవడానికి ముందు రెండు బుల్లి భాషలు తయారయ్యాయి. వాడేవారు షరతులు, లూపులు కూడా కావాలని అడుగుతూ ఉండటంతో ఆ రెండింటి స్థానంలో లువా వచ్చింది. ఆటోక్యాడ్ వాడే సివిల్ ఇంజనీర్లకు 1986 నుంచి ఆటోలిస్ప్ భాష చేసిపెడుతున్న సేవ కూడా ఇటువంటిదే.

లువాను మీ అప్లికేషన్‌లో కలిపేటప్పుడు ఫైళ్ళను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముట్టుకునే ఐఓ, ఓఎస్ లైబ్రరీలను స్క్రిప్టుకు ఇవ్వకండి. ఎన్ని సూచనలు నడిచాక ఆపాలో, స్క్రిప్టును మధ్యలో ఆపి చూసే హుక్‌తో హద్దు పెట్టండి, లేకపోతే ఒక తప్పు లూపు కాటా దగ్గర లారీల వరుసను నిలబెట్టేస్తుంది. డబ్బును పైసల్లో, బరువును గ్రాముల్లో పూర్ణాంకాలుగా పంపండి. పూర్ణాంకాలు వేరే రకంగా ఉన్నది 5.3 వెర్షన్ నుంచి మాత్రమే కనుక అంతకంటే పాతది వాడకండి. మన కుర్ర ఇంజనీర్లు చాలామంది చేసే పని ఒకటుంది: సూత్రాన్ని డేటాబేసులో దాచి, పైథాన్ ఎవాల్‌తో, అంటే రాసినదాన్ని నేరుగా కోడుగా నడిపే ఫంక్షనుతో, నడిపించేస్తారు. ఆ గడిలో రాయగలిగిన ఎవరైనా మీ కంప్యూటరు మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలరు. ప్రమాదకరమైన ఫంక్షన్ల పేర్లు ఎవాల్‌కు కనిపించకుండా దాచి కాపాడుకుందామనే ప్రయత్నాలు నిలవవు.

ప్లగిన్లు, వెబ్‌హుక్‌లు

ఒక లాడ్జీ యజమాని గది ఖాళీ చేసిన వెంటనే అతిథికి వాట్సాప్ సందేశం పోవాలంటారు. దీన్ని బిల్లింగు కోడులో కలపకండి. చెకౌట్ అయింది అనే సంఘటనను వెబ్‌హుక్‌గా, అంటే వేరొక ప్రోగ్రాముకు వెంటనే పోయే వెబ్ సందేశంగా, బయటికి పంపితే, సందేశం సంగతి వేరొక చిన్న ప్రోగ్రాము చూసుకుంటుంది. అది పడిపోయినా బిల్లు ఆగదు. కోడు లోపలే కలవవలసిన ప్లగిన్ అయితే వర్డ్‌ప్రెస్‌లో ఉన్నట్లు యాక్షన్ (సంఘటన జరిగినప్పుడు పని చేయించేది), ఫిల్టర్ (విలువను మార్చి ఇచ్చేది) అని రెండు రకాల కొక్కేలు పెట్టి, ఆ కొక్కేల జాబితాను చిన్నదిగా ఉంచండి. ఒకసారి ఇచ్చిన కొక్కేన్ని వెనక్కి తీసుకోవడం కష్టం.

చివరి మెట్టు: అందరికీ ఒకే నవీకరణ

ఇప్పుడు కోడు ఒక్కటే, కానీ సెట్టింగులు, నమూనాలు, స్క్రిప్టులు లాడ్జీకొకటి. ఇవన్నీ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉండాలి, లాడ్జీకొక ఫోల్డరుగా. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో అక్కడే తెలుస్తుంది. మేనేజరు తెర మీద మార్చే విలువలకు పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు, సమయం దాచే పట్టిక ఒకటి పెట్టండి.

కొత్త వెర్షన్ పంపే ముందు, ప్రతి లాడ్జీ గత నెల బిల్లులను పేర్లు, ఫోను నంబర్లు తీసేసి తెచ్చుకుని, పాత కోడుతోనూ కొత్త కోడుతోనూ లెక్క వేయించి, పైసా తేడా వచ్చిన ప్రతి బిల్లునూ వేరుగా ముద్రించే స్క్రిప్టు నడపండి. పన్ను మార్పు పంపేటప్పుడు కూడా ఇదే, కానీ నమూనా బిల్లులను అమలు తేదీకి అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు జరిపి నడపాలి. 2025 సెప్టెంబరులో నేను అలాగే చేశాను. 22, ఆ తరువాతి తేదీల బిల్లులు మాత్రమే తేడా జాబితాలోకి రావాలి. 21వ తేదీ బిల్లు ఒక్కటి కనిపించినా ఆ వరుసను ఏ లాడ్జీకీ పంపకుండా, తేదీ వెతికే ఫంక్షను దగ్గరకు తిరిగి వెళ్ళండి.